సొంత డబ్బా పాఠాలు

నేను చాలా ఏళ్లు లెక్కలు చెప్పిన బాపట్ల ప్రైవేటు బడి మూతపడింది. నా జీతం లేకుండా ఇల్లు గడవదు. అందుకని విదేశాల పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఇంగ్లీషు గ్రామర్ వచ్చు గానీ ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో తెలియదు. దాంతో మా ఊరు రేపల్లెలో పాసింజరెక్కి తెనాలిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టాను.

మాస్టారు మొదటిరోజే మా జబ్బు తేల్చేశారు.

"మీకు ఇంగ్లీషు వచ్చమ్మా. రానిదల్లా సొంత డబ్బా కొట్టుకోవడం. మీకేం వచ్చని వాళ్లడిగితే వచ్చింది వచ్చినట్టు చెప్పాలి. వాళ్ల దృష్టిలో అది గొప్పలు పోవడం కాదు, సమాధానం అంతే."

ఒక్కొక్కరినీ నిలబెట్టి, తాము ఏ పని బాగా చేస్తారో ఇంగ్లీషులో చెప్పమన్నారు. చుండూరు నుంచి వచ్చే నర్సమ్మ లేచి, అంతా దేవుడి దయ అని కూర్చుంది. ఇంకొకాయన తన గురువుగారి గొప్పతనం మొదలుపెట్టాడు.

"అయితే ఉద్యోగం మీ గురువుగారికే వస్తుందండి!" అన్నారు మాస్టారు. అందరం నవ్వాం. నా వంతు రాగానే నేనూ "జస్ట్ ఎ లిటిల్, సార్" అని తల దించుకున్నాను.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. మా వైపు ఎవరైనా కూర బాగుందంటే, "ఏం బాగుందిలెండి, ఏదో కలిపాను" అంటాం. అప్పుడు అవతలివాళ్లు "అయ్యో, అదేంటండీ" అని ఇంకాస్త పొగడాలి. అది వాళ్ల వంతు. ఆ మర్యాద తెలియని వాళ్లకోసం నేనెందుకు మారాలి అనుకున్నాను.

ఇంటర్వ్యూ రేపల్లెలో మా ముందు గదిలోనే, లాప్‌టాప్‌లో జరిగింది. స్కాట్లాండ్ నుంచి ఒకావిడ లెక్కలన్నీ అడిగి, చివరికి మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి అంది. పాఠమంతా గాలికి పోయింది. పిల్లలకు ఏదో కొద్దిగా చెప్పగలనన్నాను. ఆవిడ సరేనని తలూపి రాసుకుంది. అయ్యో అనలేదు, బతిమాలనూ లేదు. ఉద్యోగం కళ్లముందే చేజారిపోతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్తగారు నా మొహం చూశారు.

"ఏంటంటందావిడ?"

"నా గొప్ప నన్నే చెప్పమంటున్నారత్తయ్యా."

"నీ గొప్ప నువ్వెట్టా చెప్పుకుంటావు? నన్నడగాలి గానీ. జరుగు."

కాయలు చాటలో పడేసి, కుర్చీ లాక్కుని, కెమెరాకి నమస్కారం పెట్టారు. స్కాట్లాండ్ ఆవిడ నవ్వి, పెద్దావిడ చెప్పేది ఇంగ్లీషులో చెప్పమని నన్నే అడిగింది.

"మా కోడలు లెక్క చెపితే మొద్దుపిల్లలకి గూడా ఎక్కుద్దమ్మా. ఇసుక్కోదు. అర్థం కాలేదంటే మళ్లీ మొదటికొచ్చి చెబుద్ది."

నా గురించి నేనే 'షీ' అంటూ మొదలుపెట్టాను. నోరు హాయిగా తిరిగింది. ఎవరినో పొగుడుతున్నట్టే ఉంది.

"ఇంకోటి చెప్పు. నేను వేలిముద్ర మనిషిని. నాకు సంతకం నేర్పింది ఈ పిల్లే. కడుపున పుట్టినోళ్లు గూడా అంత ఓపిగ్గా చెప్పలేదు."

ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఆవిడేమన్నారని స్కాట్లాండ్ అమ్మ అడిగింది. చెప్పవేమే అని అత్తగారు మోచేత్తో పొడిచారు. కళ్లు తుడుచుకుని, తడబడుతూనే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. ఆవిడ ఈసారి చాలాసేపు రాసుకుంది.

ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెబుతూ, అడగకుండా ఉండలేకపోయాను.

"ఇన్నేళ్లలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

ఆవిడ నన్ను వింతగా చూశారు.

"నీకెందుకు చెబుతాను? మన వీధిలో అందరికీ చెప్పాగా!"