అది మోగితేనే లేస్తాను

"మంచుకీ మోగుతాది, కోడి రెట్టేసినా మోగుతాది! ఏటి యంత్రమే ఇది?" అన్నాను.

"సెట్టింగు మార్సేను అత్తా. ఇకనించి ఐదు నిమిషాలు తడిత్తేనే మోగుతాది," అంది కోడలు.

"అయితే అది మోగితేనే లేత్తాను. అందాకా కదల్ను!"

మాది హుకుంపేట దగ్గర కొండపల్లె. ఆ ఏటి పంటంతా, అంటే కాఫీ గింజలు, కళ్లంలో ఆరబోసి ఉంది. వాన పడితే ఇంట్లో గంట మోగే యంత్రాన్ని కోడలు కొని, కళ్లం పక్కన కర్రకు కట్టింది. అది పొద్దుటి మంచుకే మూడుసార్లు మోగి మమ్మల్ని టార్పాలిన్‌తో పరుగెత్తించింది. అందుకే ఆ గొడవ.

ఆ మధ్యాహ్నం కోడలు సంతకెళ్లింది. రేకుల మీద వాన టపటపా మొదలైంది. నేను చాప మీద కూర్చుని గంట కోసం ఎదురుచూశాను. ఇంకా ఐదు నిమిషాలు కాలేదేమో అనుకున్నాను. వాకిట్లో నీళ్లు పారుతుంటే అప్పుడు పరుగెత్తాను. గింజలన్నీ తడిసి ముద్దయ్యాయి.

తడుస్తూ వచ్చిన కోడలిని, "నీ యంత్రం సచ్చింది!" అని దులిపేశాను.

ఆమె కర్ర వైపు చూసింది. "దీనికి ఈ కవరు ఎవలు తొడిగేరు అత్తా?"

నేనే. అంత ఖరీదైన వస్తువు వానకు పాడవుతుందని, పొద్దున్నే పంచదార కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశాను.

తప్పంతా నా రెండో తరగతి చదువు మీదకు నెట్టేద్దామంటే, రేకుల మీద వాన చప్పుడు వినడానికి చదువేం అక్కర్లేదు కదా.

మర్నాడు పొద్దున గింజలు మళ్లీ ఆరబోశాం. యంత్రం కవరు నేనే విప్పి, మడిచి దాచుకున్నాను. టీవీ రిమోటుకు నేను తొడిగిన కవరు కూడా కోడలు విప్పి తెచ్చి నా చేతిలో పెట్టింది.