నీళ్ల మల్లేశాన్ని తీసేసిన ఊరు

మా ఊరి నీళ్ల మల్లేశానికి నోరు మంచిది కాదు. పలకరిస్తే కసురుకుంటాడు, పలకరించకపోతే "కండ్లు నెత్తికెక్కినయా?" అంటాడు. అయినా ఇరవై ఆరేళ్లు మా గొంతులు తడిపింది ఆ మనిషే. అతనికి మేం చేసింది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చేతిపంపుల కాలంలో పంచాయతీ అతన్ని పనిలో పెట్టుకుంది. కోహెడ నుంచి మెకానిక్కు వచ్చేదాకా ఆగకుండా బోరింగు పైపులు తనే పైకి లాగి వాషర్లు మార్చేవాడు. తర్వాత మోటరు బోరు వేశారు, ట్యాంకు కట్టారు, వాడవాడకూ పైపులు పరిచారు. ఆ బోరు ఎండిపోయాక గోదావరి నీళ్లు ట్యాంకుకెక్కాయి, ఇంటింటికీ నల్లా వచ్చింది. ఎన్ని మారినా వాల్వులు తిప్పేది మాత్రం మల్లేశమే.

ఇంటింటికీ నల్లా వచ్చాక ఇంటింటికీ దొంగబుద్ధీ వచ్చింది. ట్యాంకు దగ్గరున్న పైవాడ వాళ్లు నల్లాలకు మోటర్లు బిగించి నీళ్లన్నీ గుంజుకునేవాళ్లు. చివరనున్న మా కిందివాడ నల్లాల్లో గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. మల్లేశం రెండుసార్లు ఆ మోటర్లు ఊడబీకాడు, రెండుసార్లూ తన్నులు తిన్నాడు. ఆఖరికి లైన్‌మన్ కాళ్లావేళ్లా పడి, పొద్దున నీళ్లు వదిలే గంటసేపు ఊరంతటికీ కరెంటు బంద్ చేయించాడు. మోటర్లు మూగబోయాయి. మా బిందెలు నిండాయి.

పైవాడకు కడుపు మండింది. కిరాణాకొట్టు ఓంప్రకాశ్ గ్రామసభ పెట్టించాడు. దానికి ముందురోజు మా వాడకొచ్చి తేనె పూసిన మాటలు చెప్పాడు.

"కరెంటు ఉంటే మీరు గూడ మోటర్లు పెట్టుకోవచ్చు గద. గా మల్లేశంతోని తిట్లు పడుడు మీకెందుకు?"

నిజమే కదా అనుకున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది! సభలో, మల్లేశం వద్దనేవాళ్లు చేతులెత్తమన్నారు. పైవాడ మొత్తం ఎత్తింది. మేమూ ఎత్తాం. మా వాడలో ముందు లేచిన చెయ్యి నాదే. మల్లేశం ఒక్కొక్కరి ముఖమూ చూసి, వాల్వులు తిప్పే పానా బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే సిద్దిపేట వెళ్లి మోటర్లు తెచ్చుకున్నాం. కొత్తగా పెట్టిన మనిషి నీళ్లు వదిలాడు, కరెంటు తీయలేదు. పైవాడ మోటర్లు దారిలోనే అంతా గుంజేశాయి. మావి ఖాళీ పైపులో గాలిని గుంజీ గుంజీ కాలి కంపు కొట్టాయి. చివర ఉన్నవాడికి మోటరున్నా లేకున్నా ఒకటేనని ఒక్క వెధవకూ తట్టలేదు. ఆ ఎండాకాలమంతా మా ఆడవాళ్లు పొలాల బావుల చుట్టూ తిరిగారు.

చివరికి సిగ్గు చంపుకొని మల్లేశం ఇంటికి వెళ్లాం. వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు, లేవలేదు. మా పక్కింటి రబియాబీయే నోరు తెరిచింది.

"గలతీ అయింది మల్లేశం భాయ్. పిల్లలకు తాగనీకి నీళ్లు లేవు. మళ్ల పనిల చేరు. పంచాయతీల మేమందరం చెప్తం."

పక్కనే నల్లా ధారగా పోస్తోంది. అతని భార్య విమలమ్మ నిండిన బిందె తీసి ఖాళీది పెట్టింది.

"నా ఇల్లు యాడున్నదో సూసిన్రా?" అన్నాడు మల్లేశం. "ట్యాంకు కిందనే. నాకు ఎన్నడన్న నీళ్లు తక్వయినయా? గా తన్నులు ఎవ్వని కోసం తిన్న?"

మంచం మీదే అటు తిరిగి కూర్చున్నాడు.

"పోండ్రి," అన్నాడు.