ఆవిరిలో ఉప్పు

పొయ్యి మీద ఉన్న కూరను నాలుకకు తగిలిస్తే గిన్నెంతా ఎంగిలైపోతుందని మా అవ్వ నమ్మకం. మా వైపు అమ్మనే అవ్వ అంటాం. అందుకని మా ఇంట్లో వండేవాళ్లెవరూ రుచి చూడకూడదు. దించి, వడ్డించి, తినేవాళ్లు చెప్పాకే ఉప్పు సంగతి తెలిసేది. ఇదెక్కడి న్యాయమని నేను చిన్నప్పుడే అవ్వతో కొట్లాడాను. చెంపదెబ్బ తిన్నానే తప్ప ఆ నియమాన్ని కదిలించలేకపోయాను.

నా భార్య కోడలిగా వచ్చాక ఆ నియమం ఆమెకు బరువు కాలేదు. ఆమె బీడీలు చేసేది. మెట్‌పల్లిలో మా వాడ ఆడవాళ్లలో చాలామందిది అదే పని. మగవాళ్లం మరమగ్గాల మీద పనిచేసేవాళ్లం. పొద్దంతా తంబాకు చాటలో వేళ్లు పెట్టి కూర్చున్న మనిషికి సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా చేతి చేదు పోదు. ఆ చేత్తో ఏది నోట్లో పెట్టుకున్నా తంబాకు రుచే. అందుకే ఆమె ముక్కును నమ్ముకుంది. మూత తీసి, వంగి, ఆవిరిని అరచేత్తో మొహం వైపు లాక్కుని ఒక్కసారి పీల్చేది.

"ఉప్పు తక్కువైతె ఆవిరి ఉత్తగుంటది. సరిపోతె బరువుగుంటది," అనేది.

ఉప్పుకు వాసన ఉండదని నేను పుస్తకంలో చదివి చెప్పాను. నేను బడికి పోలేదు. నూలు కట్టల మీది అక్షరాలు, కిరాణా పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నాను. అట్లా కష్టపడి చదివినదాన్ని వాదనకు వాడకుండా వదిలిపెట్టేవాడిని కాదు.

"పుస్తకం ఎన్నడన్న పప్పు వండిందా?" అని అడిగింది.

వండలేదు. ఆమె వండింది. నలభై ఏళ్లు దాటిన కాపురంలో ఆమె ముక్కు తప్పిన రోజులు చాలా తక్కువ. ఆ తక్కువ రోజుల్నే నేను పట్టుకున్నాను. మగ్గాల మోతలో పన్నెండు గంటలు నిలబడే మనిషికి మెల్లగా మాట్లాడటం రాదు. సేటు మీద అరవలేని అరుపంతా ఇంటికి మోసుకొచ్చి పప్పు మీద అరిచేవాడిని. "ఏందే గీ ఉప్పు?" అని పళ్లెం జరిపేవాడిని. "మగ్గం ఒర్రితె నూనె బోస్తరు. నీకేం బోయాలె?" అనేది ఆమె.

పోయిన ఏడు ఆమె ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. కరీంనగర్‌లో డాక్టరు మొట్టమొదట అడిగిన మాట, "బీడీలు తాగుతావామ్మా?"

"తాగ. చేస్త," అంది ఆమె.

తాగదు అని మాత్రం రాసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు నాకూ వస్తాయి, ఫైలు తిప్పి చూశాను. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, దగ్గుతూ గడిపిన ఆమె బతుకంతా ఆ కాగితంలో ఒక్క మాటకు కూడా నోచుకోలేదు. "అది కూడా రాయండి సార్" అని నేను గట్టిగా అంటే, నర్సు వచ్చి "పెద్దాయనా, మీరు బయట కూర్చోండి" అంది. బయట కూర్చున్నాను. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడో విడత అయ్యేసరికి జుట్టంతా పోయింది. నోటి నిండా పుండ్లు. అన్నం పళ్లెం చూస్తేనే మొహం తిప్పుకునేది. నాలుగో విడతకు పోతే డాక్టరు తూకం చూసి ఇంజెక్షన్ ఇవ్వలేదు.

"ఒంట్లో బలం లేకుండా ఎక్కిస్తే ఈ మందే చంపుతుంది. వచ్చే గురువారం తీసుకురండి. కొంచెమైనా బరువు పెరిగితే మళ్లీ మొదలుపెడదాం. తగ్గితే మాత్రం ఇక ఇవ్వలేను," అన్నాడు.

వారం గడువు. ఆమె తింటే మందు ఉంటుంది, తినకపోతే లేదు. ఇంట్లో మా బిడ్డ జావ కాచింది, గుడ్డు ఉడకబెట్టింది, పాలలో రొట్టె నానేసింది. ఏదీ రెండు ముద్దలకు మించి దిగలేదు. ఆదివారం పొద్దున బిడ్డ వేములవాడ గుడికి బయలుదేరింది, తల్లి పేరున కోడెను కట్టి మొక్కు తీర్చుకుని మర్నాడు వస్తానని. ఆమె బస్సెక్కి గంట కాకముందే మంచంలోంచి నా భార్య గొంతు వినిపించింది.

"కంజు పిట్టలు తినబుద్దయితున్నది."

ఎన్ని రోజుల తర్వాతో ఆమె నోట వచ్చిన తిండి మాట. కౌజు పిట్టల్నే కంజులంటాం. ఆమె పుట్టిల్లు గోదారి అవతల, మంచిర్యాల నుంచి లోపలికి పోయే దారిలో. అక్కడ జొన్న కోతలయ్యాక వాళ్ల బాపు కొయ్యకాళ్ల మధ్య ఉచ్చులు పెట్టి కంజులు పట్టి, ఆలుగడ్డలతో కలిపి తానే వండేవాడట. పెళ్లయిన కొత్తలో ఆ కూర గురించి ఎంత చెప్పేదంటే, చచ్చిన మామ మీద నాకు అసూయ కలిగేది.

"బిడ్డ మొక్కుకు పోయింది. ఇంట్ల నీసు వండితె ఊకుంటదా?" అన్నాను.

"మొక్కు దానిది, నాలుక నాది. తెస్తవా తేవా?"

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బజారుకు పోయాను. అడవి కంజుల్ని పట్టడం ఇప్పుడు నేరం. ఫారంలో పెంచినవి కోళ్ల దుకాణంలో దొరుకుతాయి. అయినా అడిగాను, అడవివి లేవా అని.

"అడవియి అమ్మితె నన్ను లోపలేస్తరు తాతా. నాకు జైలుకు సద్ది నువ్వు దెస్తవా?" అన్నాడు దుకాణం అతను.

"గీటికి రుచుంటదా?"

"గవి ఉరికిన పిట్టలు, గివి కూసున్న పిట్టలు. మసాల మంచిగెయ్యి, అదే వస్తది. జల్ది ఉడుకుతయ్, జర సూస్కో. ఇంట్ల ఎవరు వండుతరు?"

"నేనే."

"అయితె ఇంకో రెండు కొండవో. మొదటియి మాడగొడ్తవు," అని నవ్వాడు.

నాలుగే తెచ్చాను. ఒలిచి శుభ్రం చేసిన పిట్ట పిడికిలంత కూడా లేదు. టీ పెట్టడం తప్ప పొయ్యి పని ఎరగనివాడిని. వంటింటి గడపలో నిలబడి అడుగుతుంటే ఆమె ముందరింట్లో మంచం మీద నుంచి చెప్పింది.

"పిట్టలకు గాట్లు వెట్టి ఉప్పు, పసుపు రాసి పక్కకు వెట్టు. ఆలుగడ్డలు రెండు రెండు చెక్కలు జేసి ముందుగాల నూనెల ఎర్రగ వేంచుకో."

"పొట్టు తియ్యాల్నా?"

"తియ్యకు. మా బాపు తియ్యకపోతుండె."

"మీ బాపుకు బద్దకం."

"నువ్వు గీ వయసుకు పొయ్యి ముట్టించినవు, మా బాపును అంటవా?"

నవ్వింది. నవ్వుతూ దగ్గింది. నేను గరిటె పట్టుకుని, ఆ దగ్గు ఆగేదాకా కదల్లేదు.

ఆలుగడ్డలు వేగాక అదే నూనెలో ఉల్లిగడ్డలు వేశాను. కొన్ని మాడాయి. మాడు వాసన ముందరింటి దాకా కొట్టింది. మామూలుగా అయితే ఆమె అక్కడి నుంచే కేకేసేది. ఆ రోజు వేయలేదు. నేను అది పట్టించుకోలేదు. అల్లం ఎల్లిగడ్డ ముద్ద, ధనియాల పొడి, నూరిన ఎండుకొబ్బరి కుడుక వేశాను. కారం చిటికెడే వేయమంది, నోరంతా పుండ్లు కాబట్టి. పిట్టల్ని వేసి, నీళ్లు పోసి, ఆలుగడ్డలు చుట్టూ పేర్చి మూత పెట్టాను.

కాసేపటికి "గిన్నె ఇటు దే," అంది.

పాత గుడ్డతో పట్టుకుని మంచం దగ్గరికి తీసుకుపోయాను. లేచి కూర్చుంది. తలకు చుట్టుకున్న రుమాలు సర్దుకుని, వంగి, ఆవిరిని అరచేత్తో మొహం వైపు లాక్కుంది. నెలల తర్వాత ఆ చెయ్యి అట్లా కదలడం చూసి గిన్నె ఇంకాస్త దగ్గరగా పట్టాను.

"ఆవిరి ఉత్తగున్నది. ఉప్పెయ్యి," అంది.

చెంచాడు వేసి, కలిపి, ఉడకనిచ్చి మళ్లీ తెచ్చాను.

"ఇంక ఉత్తగనే ఉన్నది."

మళ్లీ వేశాను. మూడోసారి కూడా అదే మాట. మూడోసారికైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే అయిపోయేది. ఆ నియమం మీద అవ్వతో కొట్లాడిన నేనే, డెబ్భై దాటిన వయసులో, ఇంట్లో అడ్డుపెట్టేవాళ్లెవరూ లేని పూట, వేలు ముంచలేదు. ఆమె చెప్పింది, నేను వేశాను. నాలుగోసారి గిన్నె మీదికి వంగి, అలసిపోయి, "ఇగ సాలు, దించు," అని వెనక్కి వాలింది.

పొద్దుగూకుతుండగా పళ్లెం పెట్టాను. అన్నం మెత్తగా వండాను. పిట్ట మాంసం పీచులుగా తీసి, ఆలుగడ్డ మెదిపి కలిపాను. నేను తినిపించబోతే చెయ్యి తోసేసి తానే కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. కళ్లలోంచి నీళ్లు కారాయి.

"కారం ఎక్కువైందా?" అన్నాను.

"కాలే. మంచిగున్నది. మెత్తగుడికినయ్."

రెండో ముద్ద. మూడోది. "మా బాపు గిట్లనే ఆలుగడ్డ మెదిపి వెడ్తుండె," అంది. నాలుగు. అయిదు. నేను గోడకు ఆనుకుని ఆమె నోటినే చూస్తూ కూర్చున్నాను. గురువారం తూకం ముల్లు జరిగినట్టే అనిపించింది. పళ్లెంలో ఇంకా సగం ఉంది. ఆమెకు తోడుగా తిందామని నేనూ పెట్టుకున్నాను, మొదటి ముద్ద నోట్లో వేసుకున్నాను.

ఉప్పురాయి చప్పరించినట్టుంది. మింగలేకపోయాను. చేతిలోకి ఉమ్మి, మగ్గాల మోతలో అరిచే గొంతుతో అరిచాను.

"ఏందే గీ ఉప్పు!"

ఆరో ముద్ద ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"ఎక్కువైందా?" అంది మెల్లగా.

అక్కడైనా ఊరుకోవలసింది. "ఎక్కువా? నోట్లె వెట్టరాదు! ఎట్ల తింటున్నవే నువ్వు? నాలుగుమాట్ల ఎయ్యమంటివి గదా!" అన్నాను.

ఆమె పళ్లెం ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. పీల్చింది. దించి మళ్లీ పీల్చింది. తర్వాత అటక మీదికి చూపించి, "జర గా తంబాకు డబ్బ ఇటియ్యి," అంది. పని మానేసినప్పుడు మిగిలిన తంబాకు అందులో ఉంది. మూత తీస్తేనే నాకు తుమ్ము వచ్చింది. ఆమె డబ్బాలో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, ఊపిరి ఉన్నంత మేర లాగింది. దగ్గు వచ్చింది కానీ, మొహంలో ఇంకేమీ కదల్లేదు.

"గిది గూడ వస్తలేదు," అంది.

వాసన, రుచి ఎప్పటి నుంచి తెలియడం లేదని అడిగాను. తెలియదంది. ఇన్నాళ్లూ తిండి మీద మనసే లేక చూసుకోలేదట.

"నోట్లె మంట పెడుతుంటె కారమనుకున్న. కారం తెలుస్తున్నదని ఖుషి అయిన," అంది.

పళ్లెం కింద పెట్టి చెయ్యి కడుక్కుంది. మాంసం, ఆలుగడ్డలు నీళ్లలో కడిగి మళ్లీ ఉడికిస్తానన్నాను. వేరే అన్నం పెడతానన్నాను. కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాను. "వద్దు. ఆకలి లేదు," అని గోడ వైపు తిరిగింది.

మర్నాడు బిడ్డ ప్రసాదంతో వచ్చి, గడపలోనే ఆగి గాలి పీల్చింది. "నీసు వండినవా బాపూ?" అని మొహం మాడ్చుకుంది. జరిగింది చెప్పాను. మొక్కు మాట మర్చిపోయి నన్నే చూస్తూ నిలబడింది.

"అవ్వ తింటుండె గదా. తిననియ్యకపోయినవా?"

అంత ఉప్పు రోగికి మంచిది కాదని చెప్పొచ్చు. నేను చదివినవాటిలో అట్లాగే రాసి ఉంది. నోటి దాకా వచ్చింది. కానీ నేను అరిచింది అందుకు కాదు. నా నాలుకకు బాగాలేదని అరిచాను.

ఆ మూడు రోజులూ ఆమె మంచినీళ్లు, రెండు చెంచాల జావ తప్ప ముట్టలేదు. గురువారం కరీంనగర్‌లో తూకం ముల్లు ముందుకన్నా తక్కువ దగ్గర ఆగింది. డాక్టరు ఫైలు మూసి నా వైపు జరిపాడు.

"ఇక ఇంజెక్షన్లు వద్దు. ఇంటి దగ్గర ఏది అడిగితే అది పెట్టండి, సంతోషంగా ఉంచండి," అన్నాడు.

అడిగింది పెట్టాను సార్ అందామనుకున్నాను. ఆయన అప్పటికే తర్వాతి మనిషిని పిలిచాడు.

తిరుగు బస్సులో ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

"ఏమన్నడు?" అంది.

"మల్ల రమ్మన్నడు."

"నీకు అబద్దమాడరాదు."

ఆదివారం మాట నేనే ఎత్తాను. "గా దినం నేను ఒర్రకపోతె నువ్వు తింటుంటివి."

"అయిదు ముద్దలు తిన్న గదా. ఇంకో అయిదు తింటె గడ్డ కరుగుతుండెనా?" అంది. "కిటికి ముయ్యి. దుమ్ము వస్తున్నది."

నన్ను క్షమించి అందో, నిజంగా లెక్క వేసే అందో నాకు తెలియలేదు. జగిత్యాల దాటాక నిద్రపోయి నా భుజం మీదికి వాలింది. నా ఒళ్లో పెట్టుకున్న ఫైలు సంచికి ఉన్నంత బరువు కూడా ఆమెకు లేదు. మెట్‌పల్లిలో ఆమెను పట్టుకుని ఒక్కో మెట్టు దించుతుంటే కండక్టరు వెనక నుంచి, "జల్ది దిగాలె ముసలమ్మా, బండి పోవాలె," అని కేకేశాడు. వాడితో కొట్లాడటానికి కూడా నాకు నోరు రాలేదు.