అవతలి గట్టుకి వినిపించేలా

హెడ్‌ఫోన్ల స్పాంజికి పట్టిన ఎవరెవరిదో కొబ్బరినూనె వాసన వదలడం లేదంటూ, చున్నీతో చెవులు తుడుచుకుంటూ లావణ్య ఏలూరులోని పరీక్ష కేంద్రం నుంచి బయటికి వచ్చింది. లావణ్య మా అక్క కూతురు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు ఇంగ్లీషు టీచరుగా తీసుకుంటామన్నారు గానీ, కంప్యూటరు పెట్టే ఉచ్చారణ పరీక్ష పాసై రమ్మన్నారు.

"మధ్యలో ఆపేశారు మామయ్యా. 'మెల్లగా చదవండి మేడం, పక్కవాళ్ళ మైకుల్లో మీరే వినపడుతున్నారు' అంది అక్కడ పరీక్ష చూసే అమ్మాయి. సారీ చెప్పేలోపు టైమైపోయింది."

అద్దం తలుపు మూసే ఉన్నా, బయట బెంచీ మీద కూర్చున్న నాకు ఆమె చదివిన ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. సాయంత్రానికి ఫోనులో ఫలితం వచ్చింది. ఉచ్చారణ చాలదు, మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది, తప్పింది.

ఆ చదవడం ఎక్కడిదో నాకు తెలుసు. పెదపాడు దాటాక కాలువ గట్టు మీద ఉండేది మా బడి. ఇంగ్లీషు చెప్పే సుబ్బారాయుడు మాస్టారు ఇంగ్లీషువాళ్ళ మాట ఎన్నడూ విన్నవారు కారు. మంచి ఉచ్చారణంటే ఏమిటో ఆయనే ఒక నిర్ణయానికి వచ్చేశారు. శుక్రవారం సాయంత్రాలు చెక్క వంతెన దాటి అవతలి గట్టున నల్ల గొడుగు పట్టుకుని నిలబడేవారు. ఇవతలి నుంచి మేం ఒక్కొక్కరం రీడరులోని వాక్యం చదవాలి. ప్రతి మాటా అందితే గొడుగు పైకి లేచేది. అవే మార్కులు.

సార్వా వరినాట్ల రోజుల్లో నిండు కాలువ హోరు మీదుగా, ఊడ్చిన చేల పచ్చి వాసన ముక్కుకి తగులుతుంటే, ఒక్కో మాటనీ అవతలికి విసిరి, అది చేరిందని నమ్మకం కుదిరాక రెండోది విసిరేవాళ్ళం. తేగల కాలంలో పళ్ళ సందుల్లో పీచు ఇరుక్కుని ఎంత అరిచినా గొడుగు కదిలేది కాదు. ఎండలు ముదిరి కాలువకి నీళ్ళు కట్టేశాక, బురద నెర్రెలిచ్చిన ఆ నిశ్శబ్దంలో మందమతులం కూడా పాసైపోయేవాళ్ళం. కాలువలో నీళ్ళున్నన్నాళ్ళూ ధాన్యం పడవల వాళ్ళకి మేం వేడుక.

"ఏం బాబులూ, దొరలతో తగువా? గట్టిగా తిట్టండి, సముద్రం అవతలున్నారు!"

మాస్టారు నవ్వేవారు కారు. "ఏ భాషైనా అవతలి గట్టుకి అందాలిరా. అందని మాట అన్నా ఒకటే, అనకపోయినా ఒకటే" అనేవారు.

మాలో అక్కదే మొదటి స్థానం. ఆమె వాక్యం పూర్తికాకముందే గొడుగు లేచేది. గణపవరం కాపురానికి వెళ్ళాక తన కూతురికీ అదే తర్ఫీదు ఇచ్చింది. పిల్ల పెరట్లో నిలబడి చదవాలి, వంటింట్లో మిక్సీ తిరుగుతున్నా తల్లికి వినపడాలి.

లావణ్య ఫలితం చెబుదామని అక్కకి ఫోను చేశాను.

"పిల్లకి మాట రాదన్నారా?"

"వచ్చిన మాట ఎక్కువైందిట అక్కా."

"చోద్యం! వినపడితే తప్పటరా?"

పత్రికలో పనిచేసినన్నాళ్ళూ ఎన్నో పరీక్షల ఫలితాలు రాశాను. ఎవరు దిద్దారు, ఎలా దిద్దారు అని అడగడం ఎప్పుడో మానేశాను. మాస్టారి పద్ధతి సరైనదని ఇప్పుడూ అనను. పలుకులో తప్పుల్ని ఆయన దిద్దలేదు, దిద్దేటంత ఆయనకీ తెలియదు. కాకపోతే గొడుగు లేవకపోతే లేవలేదని కళ్ళకి కనబడేది, మళ్ళీ చదివేవాళ్ళం.

మొన్న అటు వెళ్ళాను. బడికి తాళం, పిల్లలు వ్యాన్లలో ఏలూరు పోతున్నారు. అవతలి గట్టు వెనక వరిచేలన్నీ చేపల చెరువులైపోయి, నీళ్ళు చిలికే మోటార్లు పగలంతా మోగుతున్నాయి. మనిషి నిలబడి చదివితే పక్కవాడికే వినపడదు. పడవలు ఎప్పుడు ఆగిపోయాయో అక్కడెవరికీ గుర్తులేదు.

తాడేపల్లిగూడెం స్కూలు ప్రిన్సిపాల్ మంచావిడ. "లావణ్య గారు చెప్పింది నాకు శుభ్రంగా అర్థమైందండి, మా పిల్లలకీ అవుతుంది. స్కోరు లేకుండా పైవాళ్ళు ఒప్పుకోరండి" అన్నారు. బడులు తెరిచేదాకా ఆ ఉద్యోగం ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతానన్నారు. లావణ్య తను చదివింది మళ్ళీ వినమని అర్జీ పెట్టుకుంది. ఈసారి వినేది మనిషా, ఆ మిషనేనా అని పరీక్ష కేంద్రంలో అడిగాను.

"తెలీదండి. మాక్కూడా చెప్పరండి" అన్నారు.