జిగురక్క వార్చిన నీళ్ళు

ఆ బైండింగు గదిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవారు ఎవరూ లేరు. పుస్తకాల వీపులకు పూసే జిగురును ఇరవై రెండేళ్ళుగా ఆమే కాస్తున్నది కనుక అందరికీ ఆమె జిగురక్క. కర్రపెండలం పిండిని ఉండ కట్టకుండా కలుపుతూ, గరిట నుంచి జారే ధారను చూసి ఎప్పుడు దించాలో చెప్పగలదు. గడియారం చూడదు. టీచరుగా ఉద్యోగ విరమణ చేసిన తరువాత అచ్చుతప్పులు దిద్దే పనికి నేను అదే ముద్రణాలయంలో కుదిరాను. ఆమె అంటించిన అట్ట ఊడిందని తిరిగివచ్చిన పుస్తకాన్ని ఇంతవరకూ చూడలేదు.

జిగురు కంటే ఆమెకు గర్వకారణమైనది మధ్యాహ్న భోజనం. ఒంటిగంటకు కటింగు బల్ల మీది కాగితపు ముక్కలు ఊడ్చి, అచ్చులో పాడైన ఫారాల కాగితాలు పరిచి, ఐదుగురమూ డబ్బాలు విప్పేవాళ్ళం. ఎవరి డబ్బా వారి ముందు ఉండకూడదన్నది జిగురక్క నియమం. పప్పు అటు, వేపుడు ఇటు, పెరుగు మధ్యకు. ఒకరికి వండుకునే తీరిక లేని రోజున, ఆ సంగతి ఎవరూ ఎత్తకుండానే వారి పళ్ళెం నిండేది.

"మన గదిలో ఒంటరిగా తిన్న మనిషి లేడు టీచరమ్మా" అని ఆమె నాతో ఎన్నోసార్లు అన్నది.

ఫారాలు మడతపెట్టే పనికి ఒక కొత్తావిడ వచ్చిన రోజున ఆ మాటకు గండి పడింది. ఆమె దూరపు సముద్రతీరం నుంచి వచ్చిన మనిషి. డబ్బాలో తెల్లటి ఉడికిన ముక్కలు, పైన మిరపకారం, ఉల్లిపాయ. అవేమిటని అడిగితే కర్రపెండలం దుంప అన్నది. పిండిగా తప్ప మేమెవరమూ దానిని ఎరగము.

కటింగు మిషను నడిపే బాబాయికి నోరు ఊరుకోదు. "అదేగా మన గోనెసంచిలో ఉండేది? పుస్తకాలకు పూసేది పొట్టకు పూసుకుంటున్నావా తల్లీ? జాగ్రత్త, మాటలు అతుక్కుపోతాయి."

అందరమూ నవ్వాము, నేనూ నవ్వాను. మరునాడు కొత్తావిడ ఆకలి లేదని చెప్పి, డబ్బా తీసుకుని మెట్ల మీదికి పోయింది. మూడో రోజూ అంతే.

 జిగురక్క ఆ రోజు బాబాయి డబ్బాలోని వేపుడు ముట్టుకోలేదు. సాయంత్రం మెట్ల దగ్గరకు వెళ్ళి, "చెల్లీ, నాలుగు దుంపలు తెచ్చిపెట్టు. ఎలా వండాలో చీటీ రాసివ్వు. ఎల్లుండి అందరం అదే తింటాం" అన్నది.

"ఎందుకక్కా, వాళ్ళకు నచ్చదు."

"నచ్చకపోతే నా చేతి వంట నచ్చనట్టు. ఆ మాట అనమను చూద్దాం."

జిగురక్కకు చిన్న అక్షరాలు కనబడవు. చీటీని పెద్దగా తిరగరాసి ఇమ్మని నాకిచ్చింది. పైతోలుతో పాటు దాని కింది మందపాటి తొక్క కూడా తీయాలి, నిలువుగా చీల్చి నడిమి ఈనె లాగేయాలి, నానబెట్టాలి, మూత పెట్టకుండా ఉడికించాలి. అంతా తిన్నగానే ఉంది. చివరి వాక్యం: "ఉడికాక నీళ్ళు పోవాలి." ముప్పై ఆరేళ్ళు పిల్లల రాతలు దిద్దిన చేయి నాది. నీళ్ళు తమంతట తాము ఎక్కడికి పోతాయి? ‘పోవాలి’లో ‘వా’ తీసి ‘యా’ రాశాను.

అనుకున్న రోజు మధ్యాహ్నం జిగురక్క ఇంటి నుంచి తెచ్చిన గిన్నె మూత తీసింది. ముక్కలేవీ కనబడలేదు. మెరుస్తున్న ముద్ద గరిటతో సహా లేచివచ్చింది. బాబాయి నోరు తెరిచి, జిగురక్క ముఖం చూసి మూసుకున్నాడు.

పిలిస్తే వచ్చిన కొత్తావిడ గిన్నెలోకి వంగి చూసింది. "నీళ్ళేమయ్యాయి అక్కా?"

"ఏమవుతాయి, అందులోనే ఉన్నాయి. ఉడికాక ఇంకో చెంబుడు పోశాను. నువ్వు పోయమన్నావుగా."

"పోయమనలేదు. పోవాలన్నాను. వార్చేయాలి." ఆమె చటుక్కున మూత పెట్టేసింది. "ఎవరూ నోట్లో పెట్టకండి. ఆ నీళ్ళు కడుపులోకి పోతే వాంతులవుతాయి."

తప్పు నాదని లేచి చెప్పాను. రెండు చీటీలూ బల్ల మీద పెట్టి, ఏ అక్షరమో చూపించాను. జిగురక్క వాటి వైపు చూడనే లేదు.

"ఊరుకోండి టీచరమ్మా. అక్షరం సరిగ్గా ఉన్నా నా చెయ్యి పారబోసేది కాదు. చిక్కటి నీళ్ళు కనబడితే దాచడమే నాకు తెలుసు." తరువాత కొత్తావిడతో, "ఇక చీటీలు వద్దు. రేపు నువ్వే నా పక్కన నిలబడి చెప్పు. తప్పు చేస్తే చెయ్యి మీద కొట్టు" అన్నది.

ఆ గదిలో ఆమె చేతికి వంక పెట్టినవారు అంతకుముందు లేరు.

మరునాడు పొయ్యి మీద జిగురు గిన్నెకు బదులు వంట గిన్నె ఎక్కింది. కొత్తావిడ దుంపకు నిలువునా గాటు పెట్టి, కత్తి మొన దూర్చి తిప్పితే, మందపాటి తొక్క చొక్కా విప్పినట్లు వచ్చేది. రెండో దుంపకే జిగురక్కకు ఆ ఒడుపు పట్టుబడింది. ముక్కలు పగిలేలా ఉడికాయి. గుడ్డతో గిన్నె పట్టుకుని తొట్టి దాకా వెళ్ళి, జిగురక్క ఆగింది.

"యాభై పుస్తకాలకు వస్తుంది" అన్నది, ఆ తెల్లటి నీళ్ళను చూస్తూ.

"పోవాలక్కా."

"పోతున్నాయమ్మా, పోతున్నాయి" అంటూ వార్చేసింది.

ముక్కలు పొడిపొడిగా, ఆవిరి కక్కుతూ బల్ల మీదికి వచ్చాయి. బాబాయి మొదట ఒకటి తిన్నాడు. తరువాత మాట లేకుండా నాలుగు. ఇంకొకదానికి చేయి చాపగానే జిగురక్క గిన్నె పక్కకు జరిపింది.

"మాటలు అతుక్కుపోయాయా బాబాయ్? అడిగి తీసుకో. నన్ను కాదు, నేర్పినావిడను."

బాబాయి కొత్తావిడ వైపు తిరిగాడు. "ఇంకొకటి పెట్టమ్మా. ఆ రోజు వాగింది మనసులో పెట్టుకోకు."

"మనసులో ఏముంది, అంతా గిన్నెలోనే ఉంది" అంటూ ఆమె రెండు పెట్టింది.

మొదటి రోజు ముద్దను జిగురక్క వృథా చేయలేదు. పలచన చేసి, వడగట్టి, ఆ వారం కట్టిన పుస్తకాలకు పూసింది. ఒంటిగంటకు బల్ల చుట్టూ ఇప్పుడు ఆరుగురం. మెట్లు ఖాళీ. గదికి ఎవరైనా కొత్తవారు వచ్చి ఆ తెల్లటి ముక్కలు ఏమిటని అడిగితే, జిగురక్క గరిట పక్కన పెట్టి మరీ చెబుతుంది: "ఇది వండడం నాకు మా చెల్లి నేర్పింది." అట్ట ఊడని పుస్తకాల గురించి చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతులో అంత ధీమా నేను వినలేదు.