బంకు కాడ ములాఖత్

మా ఇంటాయన నన్ను "మేడం" అని పిలిచిన రోజులున్నయి. నవ్వకుండ్రి. పెట్రోల్ బంకుల పైపు పట్టుకోని, నా మొకం దిక్కు సూడకుంట, "మేడం, జీరో చూసుకోండి" అంటుండె. నేను గూడ ఎవరో పరాయి మనిషి తీరుగ మీటర్ దిక్కు సూసి, "ఆ, కొట్టు" అంటుంటి. అప్పట్ల మా కాపురం అంతే.

ఆయన ఖైదీ. ఆ బంకు జైలోళ్లది, శామీర్‌పేట దాటినంక కీసర దిక్కు పోయే రోడ్డు మీద ఉంటది. శిక్ష చాన మట్టుకు అయిపోయి, నడత మంచిగున్నోళ్లను పెద్ద జైలు నుంచి ఓపెన్ జైలుకు పంపిస్తరు, అక్కడికెళ్లి బంకుల డ్యూటీ ఏస్తరు. ఆయన ఎందుకు లోపలికి పోయిండో దాచిపెట్టుడు నాకు శాతగాదు. మేడ్చల్ అవతల మా ఊర్ల భూముల ధరలు పెరిగినంక ఇంటింటికి గట్టు పంచాయితీలు మొదలైనయి. అసొంటి ఒక పంచాయితీల మాట మాట పెరిగి కట్టెలు లేసినయి, ఒక మనిషి పాణం పోయింది. కట్టె మా ఆయన చేతిల ఉండె. దాని మీద నేను వకాల్తా పుచ్చుకోను. పోయినాయన పెండ్లాం గూడ నా తీరుగనే ఒక్కతే బతుకు ఎల్లదీసింది. నాకు జైలుకు పోయి కలిసే ములాఖత్ అన్న ఉండె, ఆమెకైతే అది గూడ లేదు.

ఆయన పోయినంక నేను ఊరు ఇడిచి మచ్చ బొల్లారంల ఒక అర్ర కిరాయికి తీసుకున్న. జాకెట్లు కుట్టుడు మొదలువెట్టిన. మా అత్త నాతోనే ఉంటుండె. బంకుల ఆయనకిచ్చే కూలి ఎంతని అడగకుండ్రి, నాకు మండుతది. పొద్దంత ఎండల నిలవడి, పెట్రోల్ వాసన పీల్చుకుంట చేసిన పనికి, బయట అడ్డ మీది కూలోడు తిరిగి గూడ సూడని పైసలు. అండ్ల కొంత పోయినాయన ఇంటోళ్లకని కోస్తరు. ఆ కోత మీద నాకు కోపం లేదు, అది న్యాయమే. కోసినంక మిగిలింది సూస్తెనే కోపం. ఖైదీ చెమటల ఉప్పుండదా ఏంది? అయినా ఆయన వాటినే కూడబెట్టి ఇంటికి పంపుతుండె, నేను కండ్లకద్దుకోని తీసుకుంటుంటి.

గని బంకు డ్యూటీ పడ్డదని తెలిసిన్నాడు వాడకట్టంత షక్కర్ పంచిన. ఎందుకంటె పెద్ద జైల్ల ములాఖత్ మీకు తెల్వదు. ఇనుప జాలి అవతల ఆయన, ఇవతల నేను, అటు ఇటు ఇంకింతమంది మొత్తుకుంట. అందరొక్కసారే ఏడుస్తరు, అందరొక్కసారే "మంచిగున్నవా" అంటరు. ఏం మాట్లాడుకున్నమో ఇంటికొచ్చి యాది చేసుకున్నా యాదికి రాకపోతుండె. బంకుల అట్ల కాదు. జాలి లేదు, గోడ లేదు. స్కూటీ టాంకు మూత తీసినంత సేపు ఆయన నా పక్కనే ఉంటుండె.

మాట్లాడొద్దు, అదొక్కటే. డ్యూటీల ఇంటోళ్లతోని మాటలు పెట్టుకోవద్దు, ఎవ్వలేమిచ్చినా ముట్టొద్దు. తప్పితె మళ్ల పెద్ద జైలే. అందుకే నేను గిరాకీ లెక్క పోతుంటి. ఒక్కసారే టాంకు నింపుకుంటె మళ్ల పోయే పనేముంటది? వంద రూపాయలదే కొట్టిచ్చుకుంటుంటి. అయినా టాంకు నిండుతుండె. నిండిందంటె నాకు పరేషాన్. జాకెట్లు ఇచ్చి రానీకి పక్క గల్లీకి గూడ అల్వాల్ తిరిగి పోతుంటి, ఎట్లన్న పెట్రోల్ అయిపోవాలెనని. ఒకపాలి ఆయన పైపు వెట్టి, లోపటికి సూసి, నవ్వాపుకోని, "మేడం, ఇంకెక్కడ పొయ్యాలె?" అన్నడు. అదే మా సరసం.

కుట్టుకు వచ్చే ఆంధ్ర మేడం ఒకామె, "అక్కడ హంతకులు ఉంటారటండీ, మేం పోము" అన్నది. ఇంకొకామె, "కల్తీ లేని పెట్రోల్ అక్కడే దొరుకుతుంది" అన్నది. ఇద్దరి మాటలు ఇనుకుంట సూది గుచ్చిన. ఇద్దరు చెప్పింది మా ఆయన గురించే.

ఇగ మా అత్త సంగతి. కొడుకును పట్టుకపోయిన్నాడు, "నేను చచ్చేదాక జైలు గడప తొక్క" అని పోశమ్మ తల్లి ముందట ఒట్టు వెట్టుకున్నది. మస్తు మొండి మనిషి. ఎన్నిసార్లు రమ్మన్నా ములాఖత్‌కు రాలే. కొడుకు సంగతి నేను చెప్తుంటె గోడ దిక్కు తిరిగి ఇంటుండె. ఆ వానకాలం ఆమెకు ఆయాసం పెరిగింది. డాక్టర్ నన్ను బయటికి పిలిచి, గుండె బాగ బలహీనమైందని చెప్పిండు. అదే దినాలల్ల ఆయన విడుదల ఫైలు పైకి పోయింది. ఒక్క తప్పు రాసిండ్రంటె ఫైలు ఎనకకొస్తది, మళ్లెప్పుడు కదుల్తదో ఎవ్వలు చెప్పరు. అత్తకు అంత టైం లేదు.

నేనే తెలివి చేసిన. "అత్తా, బంకు రోడ్డు మీద ఉంటది, దానికి గడపే లేదు" అన్న.  తెల్లారి నేను లేచేసరికి అత్త మక్కలు రుబ్బుతాంది.

స్కూటీ మీద ఎనక కూసున్నది. దేవరయాంజాల్ మలుపు కాడికెళ్లి బంకు దాక ఒకటే మాట చెప్పిన, "మాట్లాడొద్దు, ఉత్తగ సూడాలె అంతే." "నాకు తెల్వదా" అని నన్నే తిట్టింది. బంకుల ఆయన మమ్మల్ని సూసిండు. నోట్లకెళ్లి, "మేడం, జీరో చూసుకోండి" అనే మాట ఎట్లనో వచ్చింది. పైపు పెట్టిండు. అత్త బండి దిగింది. చక్కగ పోయి కొంగుతోని ఆయన మొకం తుడిచింది.  అది సాలనట్టు, కొంగు ముడి ఇప్పి, ఒక మక్క గారె తీసి కొడుకు నోట్ల పెట్టింది.

ఆయన కక్కలేడు, మింగలేడు. చేతిల పైపు మర్చిపోయిండు. పెట్రోల్ పొంగి కింద కారవట్టింది. ఎనక బండ్లోళ్లు, "ఓ భాయ్, సూస్కో!" అని లొల్లి. ఆ లొల్లికి, బంకుల కావలి ఉండే వార్డర్ సారు కుర్సీల కెళ్లి లేచి ఉరికొచ్చిండు.  అయిపోయింది, ఫైలు పోయింది, నా చేతులతోనే నేను పోగొట్టిన అనుకున్న.

వార్డర్ సారు ముందుగాల పైపు బందు చేసిండు. మా ఆయన నోటి దిక్కు సూసిండు, అత్త దిక్కు సూసిండు. "ఏం పెట్టినవ్ అవ్వా?" అన్నడు.

"గారె బిడ్డా. నీకు గూడ తెచ్చిన, తిను" అన్నది మా అత్త. భయమనేదే లేదు మనిషికి.

సారు ఆమె చేతిలది తీసుకోని, రెండు ముక్కలు చేసి, లోపట సూసి, ఒక ముక్క తిన్నడు. "తనిఖీ అయింది" అన్నడు. మా ఆయన దిక్కు తిరిగి గట్టిగ, అందరికి ఇనవడేటట్టు, "మేడం బండి టైర్లల్ల గాలి లేదు. పోయి నువ్వే సూడు. మంచిగ సూడు" అన్నడు. ఇంకొకతన్ని పైపు కాడ నిలవెట్టిండు. తను కూసున్న ప్లాస్టిక్ కుర్సీ తెచ్చి గాలి మిషన్ కాడ ఏసి, "కూసో అవ్వా, టైం పడ్తది" అని చెప్పి, మాకు ఈపు పెట్టి రోడ్డు దిక్కు తిరిగి నిలవడ్డడు.

టైర్లల్ల గాలి ఫుల్లు ఉన్నది. పొద్దున్నే నేను కొట్టిచ్చిన. ఆయన నేల మీద కూసోని గాలి తీసిండు, కొట్టిండు. మళ్ల తీసిండు, మళ్ల కొట్టిండు. కుర్సీల అత్త, కింద కొడుకు, ఆమె చెయ్యి ఆయన తలకాయ మీద. "కడుపునిండ పెడ్తున్నరా కొడుకా?" "పెడ్తున్నరమ్మా." "ఎవ్వలన్న కొడ్తున్నరా?" "లేదమ్మా, ఇక్కడ మంచోళ్లే ఉన్నరు." మిషన్ సప్పుడుల వాళ్ల మాటలు నాకు సగమే ఇనవడ్డయి. నేను ఏడ్చిన, సిగ్గేముంది.

వచ్చేటప్పుడు అత్త నా నడుము పట్టుకోని, "గా సారు ఇల్లు సల్లగుండ, ఆయన పిల్లలు సల్లగుండ" అని తొవ్వ పొడుగునా దీవించింది. నేను గూడ అదే అంటున్న ఇయ్యాల్టికి. సారు ఏమీ రాయలే. ఒక్క ముక్క రాస్తె మా బతుకు ఇంకో తీరుగ ఉంటుండె. ఆయన పేరేందో నాకు తెల్వదు, మొక్కేటప్పుడు ఆయన మొకమే మనసుల పెట్టుకుంట.

సలికాలంల అత్త పోయింది. ఆ తర్వాత ఫైలు వచ్చింది, ఆయన బయటికొచ్చిండు.

వచ్చిన్నాడు స్కూటీ ఆయనే నడిపిండు. ఇంటికి పోతడనుకున్న, బండి బంకుల ఆపిండు. ఆ సారు బదిలీ అయి పోయిండట. పైపు కాడ కొత్తాయన, "సార్, జీరో చూసుకోండి" అన్నడు. మా ఆయన తలకాయ ఊపిండు. పైసలు ఇచ్చి, "గాలి గూడ సూడు తమ్మీ" అన్నడు.

కొత్తాయన టైరు ఒత్తి, "ఫుల్లున్నది సార్" అన్నడు.

"తీసి మళ్ల కొట్టు. మాకేం తొందర లేదు."

మిషన్ పక్కన ఆ ప్లాస్టిక్ కుర్సీ ఖాళీగనే ఉన్నది. మా ఆయన దాని ముందట నేల మీద కూసున్నడు.