వైరు ముక్క కథ

బేగంబజార్‌లో ఒక గిన్నెల గోదాముకు నెలకోసారి లిఫ్టు సర్వీసుకు వెళ్లేవాణ్ణి. మూడంతస్తులు, ఒక సరుకు లిఫ్టు, దానికి ఇనుప జాలీ గేటు. గేటు పూర్తిగా మూసుకుంటేనే స్విచ్చి కలవాలి, అప్పుడే లిఫ్టు కదలాలి. నా చెక్‌లిస్టులో అది నాలుగో అంశం. మూడు నెలలు వరసగా ఆ అంశం దగ్గరే ఆగిపోయాను. స్విచ్చి రెండు కొసలనూ కలుపుతూ ఒక ఎర్ర వైరు ముక్క చుట్టి ఉండేది. దీన్ని మా పనిలో డైరెక్ట్ చేయడం అంటారు. అప్పుడు గేటు తెరిచి ఉన్నా లిఫ్టు నడుస్తుంది. పైకి పోతున్నప్పుడు అంచు దాటి ఏ పాదం బయటికొచ్చినా పై అంతస్తు స్లాబు కింద ఇరుక్కుంటుంది.

వైరు తీసేసి వచ్చేవాణ్ణి. మళ్లీ వెళ్లేసరికి కొత్త వైరు ఉండేది.

రెండో నెల తొమ్మిది నిబంధనలు మూడు భాషల్లో అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడిగించి గేటు పక్కన అతికించాను. మూడో నెలకు దాని మీద పాన్ సున్నం తుడిచిన వేలి గుర్తులు కనిపించాయి. అక్కడ నలుగురు హమాలీలు పనిచేస్తారు. వాళ్లకు పని పంచే జమాదారు, యాభై దాటిన మనిషి, నా సంచి వైపు చూశాడు.

“ఏంది సార్, ఇంకో కాయితం తెచ్చినవా? ఉన్నదే సదువుతలేం. తొమ్మిది సదివేటాల్లకు లిఫ్టు మీదికి వోయి కిందికొస్తది.”

మిగతావాళ్లు నవ్వారు.

“కాలు పోతది కాకా,” అన్నాను.

“ఎవనిది పోయింది? చెప్పు. ఇరవై ఏండ్ల సంది జూస్తున్న, గీ లిఫ్టుల ఒక్క గోరు గూడ ఊడలే.”

ఎవరిది పోయిందో నాకు తెలుసు. సంచి సర్దుకుని బండెక్కాను.

అంతకు ఏడాది ముందు, వేరే గోదాములో, పరీక్ష కోసం నేనే గేటు స్విచ్చిని డైరెక్ట్ చేశాను. భోజనానికి వెళ్తూ తీయడం మరిచాను. తిరిగి వచ్చేసరికి ఒక హమాలీ ఎడమ పాదం స్లాబు కింద ఉంది. రిపోర్టులో ఏడు వాక్యాలు రాశాను. ఒక్కటీ అబద్ధం కాదు. ఆ వైరు ఎవరు పెట్టారన్న ఎనిమిదో వాక్యం మాత్రం రాయలేదు. గోదాము వాళ్లే పెట్టి ఉంటారని మా సూపర్‌వైజరు అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

ఉప్పుగూడలో ఇంటికి చేరి కాగితం మీద రెండు వరసలు గీశాను. చెబితే: ఉద్యోగం పోవచ్చు, ఇంకెక్కడా రాకపోవచ్చు, పోలీసు స్టేషన్ దాకా పోవచ్చు. చెప్పకపోతే: ఒక కాలు. ఎవరిదో, ఎప్పుడో తెలియదు. ఆ రోజు ఫోను మోగిన ప్రతిసారీ బేగంబజార్ నుంచేనేమో అని ముందు నంబరు చూశాను.

మర్నాడు పొద్దున్నే, సర్వీసు తేదీ కాకపోయినా, అక్కడికి వెళ్లాను. హమాలీలు చాయ్ తాగుతున్నారు. “ఒక లిఫ్టుల గేటు స్విచ్చి పనిచెయ్యక ఒక హమాలీకి ప్రమాదమైంది,” అని మొదలుపెట్టాను.

జమాదారు చేయి అడ్డం పెట్టాడు. “గట్ల గాదు. ఆయన నెత్తి మీద ఏముండె? ముందుగాల్ల గది చెప్పు.”

నెత్తి మీద ఎండుమిర్చి బస్తా ఉంది. ఏడాదిలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. అక్కణ్ణించే చెప్పాను. బస్తా పగిలింది. పాదం లాగడానికి వచ్చిన ప్రతివాడూ తుమ్ముతున్నాడు, దగ్గుతున్నాడు. నేను లిఫ్టు దించబోతే కళ్లు మండి బటన్ కనిపించలేదు. ఆ మనిషి మాత్రం అంత నొప్పిలోనూ ఆ గోదాము సేటుతో, మాల్ ఖరాబైంది, మాఫ్ చెయ్యి అంటూనే ఉన్నాడు.

చాయ్ గ్లాసులు ఆగిపోయాయి.

“వైరు ఎవడు వెట్టిండు?” అన్నాడు జమాదారు.

“నేనే. తీసుడు మరిచి బువ్వకు పోయిన.”

జమాదారు గ్లాసు కింద పెట్టాడు.

“నడుస్తుండా ఇప్పుడు?”

“కుంటుతడు. బరువు మోస్తలేడు.”

జమాదారు లేచి గేటు పట్టుకున్నాడు. “ఇప్పుడు మాది ఇను. పోయిన ఎండకాలం బిందెల పెట్టె జారి గేటు నడిచే కింది పట్టా మీద పడ్డది. గప్పటి సంది ఇద్దరు గుంజితేనే గేటు పడ్తది. నెత్తి మీద మూట వెట్టుకొని ఇంకో రెండు చేతులు యాడికెల్లి తెస్తం? సేటుకు చెప్తే, నడుస్తుంది గద, ఏంది లొల్లి అన్నడు. నువ్వన్న ఒక్కసారి అడిగినవా?”

అడగలేదు. గేటు మూయడం ఎంత కష్టమో రాసే గడి నా చెక్‌లిస్టులో లేదు. వంగిన పట్టాను సుత్తితో సరిచేసి, గ్రీజు పెట్టి, గేటు ఒక్క చేత్తో కదిలేదాకా పనిచేశాను. వైరు జమాదారే పీకి జేబులో వేసుకున్నాడు.

తర్వాతి నెల సర్వీసుకు సూపర్‌వైజరు కూడా తనిఖీకి వచ్చాడు. వైరు లేదు. ఆయన నాలుగో అంశానికి టిక్ పెడుతున్నాడు. పక్కనే జమాదారు, కొత్తగా చేరిన ఇద్దరు హమాలీలను గేటు ముందు నిలబెట్టి చెబుతున్నాడు. “మిర్చి ఘాటు బజారంత నిండింది. రెండు కాళ్లు పోయినయ్, రెండూ! వైరు ఇడిసి బువ్వ తినవోయినోడు గూడ మస్తు సదువుకున్నోడే.”

నా వైపు చూడలేదు, పేరు ఎత్తలేదు. నన్ను కాపాడుతున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా తప్పు లెక్క చెవిన పడితే ఊరుకోలేను.

“రెండు కాదు కాకా, ఒక్కటే. ఎడమది,” అన్నాను.

సూపర్‌వైజరు పెన్ను ఆగింది.

“మిర్చి బస్తా, ఎడమ కాలు. అది మన సైటే కదా?” అన్నాడు. “వైరు వదిలి బువ్వకు పోయిన్రని ఈయనకెవరు చెప్పిన్రు?”

“సాబ్, చాయ్ చల్లగైతుంది,” అంటూ జమాదారు గ్లాసు ముందుకు చాచాడు. సూపర్‌వైజరు అందుకోలేదు.

“నేనే చెప్పిన సార్,” అన్నాను. “వైరు వదిలింది గూడ నేనే.”

ఆయన చెక్‌లిస్టు మూసి చంకలో పెట్టుకుని, పక్కనున్న పెట్టె మీద కూర్చున్నాడు. “మొదటి నుంచి చెప్పు,” అన్నాడు.